అరవై నాలుగో చెయ్యి

మా పిన్నికి ఇంగ్లీషు రాదు గానీ, ఎత్తిన చేతులు లెక్కపెట్టడంలో ఆమెను మించినవాళ్లు మా ఉద్దానంలో లేరు. మా బాప్టిస్టు సంఘంలో ఏ పనికైనా చేతులెత్తించాల్సిందే. కొత్త పాస్టరుగారిని పిలవాలన్నా, మందిరానికి సున్నం వేయించాలన్నా, క్రిస్మస్ భోజనంలో కోడా మేకా అన్నదానికైనా సభ్యులంతా కూర్చుని, తగువులాడుకుని, చివర్లో చేతులెత్తుతారు. ఎక్కువ చేతులు ఎటు లేస్తే అటు. ఓడినవాళ్లు గొణుక్కోకూడదు, మర్నాడు ఆ పనికి వాళ్లే ముందుగా రావాలి. లెక్కపెట్టే పని ఎన్నో ఏళ్లుగా పిన్నిది. వెనక బల్ల పక్కన నిలబడి, పెదవి కదపకుండా, ఒక్క చూపుతో లెక్క తేల్చేస్తుంది.

అదే పద్ధతిని ఆమె జీడిపప్పు సంఘంలోనూ పెట్టింది. పలాస ఊరి చివర పిన్నీ, మరికొందరు ఆడవాళ్లూ కలిసి నడుపుకునే చిన్న యూనిట్ అది. జీడి పిక్కల్ని ఉడికించి, కొట్టి, లోపలి పప్పును ఆరబెట్టాక దాని మీద ఎర్రటి పొట్టు మిగులుతుంది. ఆ పొట్టును చిన్న చాకుతోనూ గోటితోనూ, పప్పు విరక్కుండా తీయాలి. విరగని పప్పు గుండు, విరిగింది బద్ద. గుండుకున్న గిరాకీ బద్దకు లేదు. పొట్టు తీసే షెడ్డులో నలభై ఒక్క మంది ఆడవాళ్లు కూర్చుంటారు. సగం మంది మా మందిరం వాళ్లు, సగం మంది కొబ్బరితోటల ఊళ్ల నుంచి వచ్చే రైతు ఇళ్ల వాళ్లు. ఎవరి దేవుడు ఎవరైనా, షెడ్డులో ఏ నిర్ణయమైనా చేతులెత్తే.

నేను పని చేసేది దూరంగా, ఓ మహానగరంలోని పెద్ద బిజినెస్ స్కూల్లో. దాని పేరు చెబితే రైల్లో పక్కనున్నవాళ్లు కాళ్లు సర్దుకుని కూర్చుంటారు. ఆ పేరు చెప్పుకోవడం నాకూ ఇష్టమే. నేను అక్కడ చదువుకోలేదని, ఉద్యోగిని మాత్రమేనని అడిగితేగానీ చెప్పను. నా పని కేసులు రాయడం. కేసంటే ఒక నిజమైన వ్యాపారం కథ. దాన్ని నడిపే మనిషి ముందు ఒక చిక్కుముడి పెట్టి, సరిగ్గా అక్కడ ఆపేస్తాం. విద్యార్థులు అది చదువుకొచ్చి, ఆ మనిషి స్థానంలో తామే ఉంటే ఏం చేస్తారో క్లాసులో వాదించుకుంటారు.

నేను రాసేది ఒక పెద్ద ప్రొఫెసరుగారికి. చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి, సుద్దముక్క పట్టుకుని ఆయన క్లాసులోకి వస్తే ఫోన్లన్నీ వాటంతటవే సంచుల్లోకి పోతాయి. ఇన్నేళ్లలో ఏ కేసులోనూ తన సొంత జవాబు చెప్పలేదని ఆయనకు పేరు. "నా జవాబు మీకెందుకు? రేపు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కంపెనీలు నడుపుతారా?" అంటారు. విద్యార్థులకు అది తెగ నచ్చుతుంది. నాకు మాత్రం ఒళ్లు మండేది. జవాబు చెప్పని మనిషి తప్పు జవాబు చెప్పే ప్రమాదమే లేదు కదా.

స్కూలుకు డైరెక్టరు ఒకావిడ. అంతకుముందు ఓ పెద్ద కంపెనీని నడిపారు. ఆవిడ మాట్లాడేది తక్కువ, గమనించేది ఎక్కువ. నా కాంట్రాక్టు ఆ ఏడాదితో అయిపోతుంది. నన్ను పర్మనెంటు చేయాలా, ఇంటికి పంపాలా అన్నది ఆవిడ సంతకం మీద ఉంది. అందుకని ఆ ఏడాదంతా నేను ఆవిడ కనబడితే వీపు నిటారుగా పెట్టి నడిచాను.

విద్యార్థుల్ని ఏటా ఒక వారం ఏదో ఒక పల్లె ప్రాంతానికి తీసుకెళతారు. ఆ ఏడాది ఎక్కడికి అన్న మాట వచ్చినప్పుడు నేనే నోరు తెరిచి పలాస అన్నాను. పిన్ని యూనిట్ గురించి చెప్పాను. సమయానికి అక్కడో చిక్కు కూడా ఉంది. బయటి ఊరి వ్యాపారి ఒకడు, పొట్టు తీసే మెషీన్ తానే పెట్టిస్తానని, ఏడాది పొడవునా సరుకు తానే కొంటానని కబురు పంపాడు. అయితే చేత్తో పొట్టు తీసే షెడ్డు మూసేయాలి. మెషీన్ దగ్గర ఆరుగురు చాలు. కాదంటే ఆ ఆర్డరు ఇంకో యూనిట్‌కి పోతుంది. అప్పుడు పిన్ని సంఘం ఎన్నాళ్లు నిలబడుతుందో ఎవరూ చెప్పలేరు.

ప్రొఫెసరుగారి కళ్లు మెరిశాయి. "మంచి కేసు. రాయండి" అన్నారు.

రాయడానికి పలాస వెళ్లినప్పుడు పిన్ని నాతో రెండే మాటలు చెప్పింది. ఒకటి, తాను ఈ విషయం మీద షెడ్డులో ఎందుకు చేతులెత్తించలేదో.

"ఆళ్ల కూడు గురించి ఆళ్లనే సేతులెత్తమంటే ఏటంటారు? మూయొద్దనే అంటారు. అది కూటం అవ్వదే, ఏడుపవుద్ది. మాతో సుట్టరికం లేనోళ్లు, సదువుకున్నోళ్లు ఇని సెప్పాల. అందుకే మీ సార్లు వత్తారంటే సరే అన్నాను."

రెండోది ఇంకా మెల్లగా చెప్పింది. "ఆ రోగం మాట మట్టుకు రాయకు. పిల్లలికి సమ్మందాలు రావు."

ఏ రోగమో మా వైపు ఎవరికీ చెప్పనక్కర్లేదు. షెడ్డులో పద్నాలుగు మందికి తమకో, ఇంట్లో మొగుడికో కిడ్నీలు పాడైపోయాయి. వారంలో కొన్ని రోజులు డయాలసిస్‌కి పోవాలి, లేదా తోడు పోవాలి. పొట్టు తీసే పని ఒక్కటే వాళ్లకు కుదిరేది. నేల మీద కూర్చుని చేసుకోవచ్చు, వచ్చిన రోజు రావచ్చు, రాని రోజు ఎందుకు రాలేదని పిన్ని అడగదు. మెషీన్‌కి అలా కుదరదు, రోజూ నిలబడాలి. షెడ్డు మూస్తే ఈ పద్నాలుగు మందికి వేరే పని లేదు.

నేను పిన్ని మాట మన్నించాను. కేసులో ఒక పట్టిక ఉండాలి కాబట్టి హాజరు పట్టిక పెట్టాను. అందులో గైర్హాజరు గడి నిండా పెద్ద పెద్ద అంకెలు. కారణం గడి లేదు. చదివినవాళ్లకు ఆ షెడ్డు బద్ధకస్తుల అడ్డాలా కనబడుతుందని నాకు అప్పుడే తెలుసు. ప్రొఫెసరుగారు ఆ పట్టికను చూసి "ఇది బలమైన ఆధారం" అని మెచ్చుకున్నారు. మెచ్చుకున్నందుకు సంతోషపడ్డాను కూడా.

క్లాసు టెక్కలిలో, అద్దెకు తీసుకున్న ఒక కాలేజీ హాల్లో జరిగింది. మా స్కూల్లో ఒక ఆచారం ఉంది. కేసులోని అసలు మనిషిని ఎవరికీ చెప్పకుండా రప్పించి వెనక వరసలో కూర్చోబెడతారు. తన గురించే జరిగే వాదనంతా ఆ మనిషి నోరు మెదపకుండా వినాలి. ఆఖర్న ప్రొఫెసరుగారు "మీరు ఇంతసేపూ మాట్లాడింది ఈవిడ గురించే" అని చూపిస్తారు. విద్యార్థులు లేచి చప్పట్లు కొడతారు. ఎన్నిసార్లు చూసినా బాగుంటుంది, అందులోని మనిషి మన పిన్ని కానంతవరకు.

పిన్ని ఆదివారం కట్టుకునే తెల్లచీర కట్టుకొచ్చింది. జీడి నూనెకు నల్లబడిపోయిన వేళ్లను పైట కింద దాచుకుని వెనక వరస చివర కూర్చుంది. పక్కన కూర్చుని తెలుగులో చెబితే అందరికీ తెలిసిపోతుందని నన్ను దూరంగా, గోడ వారన నిలబెట్టారు. నాకు రెండడుగుల దూరంలో డైరెక్టరుగారు కూర్చున్నారు.

వాదన గంటకు పైగా సాగింది. ఎనభై మంది విద్యార్థులు. తెలివైన పిల్లలు, నిజంగా తెలివైనవాళ్లు. ఒకమ్మాయి లేచి, "ఈ హాజరు పట్టిక చూడండి. పనికి రావడం ఇష్టం లేనివాళ్ల కోసం సంఘం మొత్తాన్ని ఎందుకు పణంగా పెట్టాలి?" అంది. హాలంతా తలలూపింది. నేను పిన్ని వైపు చూశాను. ఆమెకు ఆ మాటలు అర్థం కాలేదు. అర్థం కానందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఆఖర్న ప్రొఫెసరుగారు సుద్దముక్క బల్ల మీద పెట్టి, "చాలు. ఇక తేల్చండి. షెడ్డు మూయాలనేవాళ్లు చేతులెత్తండి" అన్నారు. ఆయన రోజూ చేసే పనే అది. వాదన వేడెక్కించడానికి చేతులెత్తిస్తారు, అంకె బోర్డు మీద రాస్తారు, మర్నాటికి ఎవరికీ గుర్తుండదు.

చేతులు లేచాయి. సరిగ్గా అప్పుడు డైరెక్టరుగారు తల తిప్పి నా వైపు చూశారు. కనుబొమలు కొంచెం పైకెత్తి, మీరేమంటారు అన్నట్టు. హాల్లో ఎక్కువమంది ఎటున్నారో తెలుస్తూనే ఉంది. తెలివైనవాళ్లంతా ఎటున్నారో కూడా. నా కుడిచెయ్యి లేచింది. భుజం దాటి పైకి, ఒక్క క్షణం. ఆవిడ చిన్నగా తలూపి అటు తిరిగారు. నేను చెయ్యి దించేశాను. ఎవరూ చూడలేదనుకున్నాను.

ప్రొఫెసరుగారు విద్యార్థుల వరసలు లెక్కపెట్టి బోర్డు మీద అరవై మూడు అని రాశారు. తర్వాత పిన్నిని చూపించారు. పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆమె కంగారుగా లేచి రెండు చేతులూ జోడించి అందరికీ వందనాలంది. "ఇప్పుడు మీరేం చేస్తారు?" అని ఆయన అడిగారు. చేతులెత్తినవాళ్లంతా షెడ్డు మూయమన్నారని కలిపి, నేను తెలుగులో చెప్పాను.

పిన్ని హాలంతా ఒకసారి చూసి, "ఇంతమంది కూకుని సెప్పినారు గదా. అలగే సేత్తాను" అంది.

మర్యాదకు అన్న మాట అనుకున్నాను. "మీ అభిప్రాయాలకు కృతజ్ఞతలు, ఆలోచిస్తానంటున్నారు" అని ఇంగ్లీషులో చెప్పాను. మళ్లీ చప్పట్లు కొట్టారు.

పిన్నిని కారులో తిరిగి పలాస తీసుకెళ్లాను. కాశీబుగ్గ దగ్గరకొచ్చాక, "అరవై నాలుగు" అంది.

"అరవై మూడు పిన్నీ. బోర్డు మీద రాశారుగా."

"నేదు. అరవై నాలుగు."

ఏసీ కాస్త తగ్గించమని డ్రైవరుకి చెప్పాను. ఆ అరవై నాలుగోది ఎవరిదని మాత్రం అడగలేదు.

మర్నాడు శనివారం విద్యార్థుల్ని మూలపేట తీసుకెళ్లాం. కొత్త పోర్టు కడుతున్న చోట రాళ్ల గుట్టల్ని, లారీల వరసల్ని చూపిస్తూ ప్రొఫెసరుగారు ప్రశ్నలు మొదలుపెట్టారు. ఇసకలో కాళ్లు కాలుతున్నాయి. నా ఫోను మోగింది. షెడ్డులో మూల కూర్చుని పొట్టు తీసే అత్త. సొంత అత్త కాదు, మా మందిరంలో నా చిన్నప్పటి నుంచి అత్తా అని పిలిచే మనిషి. డయాలసిస్‌కి పోయేవాళ్లలో ఆమె ఒకతె.

"ఏటమ్మా, మీ పెద్దోళ్లు మూసీమన్నారంటగా? సోమారం నుంచి రావొద్దన్నాది మీ పిన్ని. రేపు మజ్జానం వచ్చి సాకులూ పీటలూ ఒప్పసెప్పీమన్నాది. నాకు పని పోయినందుక్కాదే, నాకు మాట తెలాల. మావేటి తప్పు సేసినామమ్మా?"

ఫోను పెట్టేసి, పరుగులాంటి నడకతో ప్రొఫెసరుగారి దగ్గరికి పోయి చెప్పాను. మా సంఘంలో చేతులెత్తడమంటే ఏమిటో చెప్పాను. పిన్ని ఆ ఎనభై మంది తీర్పును తీర్పుగానే తీసుకుందని చెప్పాను.

ఆయన విద్యార్థుల్ని వదిలేసి పూర్తిగా నా వైపు తిరిగారు. "అది క్లాసు! అది అభ్యాసం! ఆవిడకు మీరు చెప్పలేదా?"

"మీరూ చెప్పలేదు" అన్నాను. అలా అనగలనని నాకే తెలియదు.

డైరెక్టరుగారు అంతా విన్నారు. నల్ల కళ్లద్దాల వెనక ఆవిడ ఏమనుకుంటున్నారో తెలియలేదు. "మనం ఎవరికీ సలహా ఇవ్వలేదు. ఆ కేసు మొదటి పేజీలోనే అది రాసి ఉంటుంది. స్కూలు తరఫున ఇప్పుడు వెళ్లి షెడ్డు మూయొద్దంటే అదీ సలహానే అవుతుంది" అన్నారు. తర్వాత "రేపు సాయంత్రం పలాసలో మన రైలు. దానికి ముందు ఎవరు ఎక్కడికి వెళతారో నేను అడగను" అన్నారు. ఆవిడ పద్ధతిలో అది దయే అని ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు మాత్రం మండిపోయాను.

ప్రొఫెసరుగారు అలల వైపు చూస్తూ నిలబడ్డారు. "ఒక మాట చెప్పండి" అన్నారు. "మీ పిన్నిగారు తెలివైన మనిషి. అంత తేలిగ్గా మూసే మనిషైతే ఆ కబురు వచ్చిన రోజే మూసేవారు. ఆ కేసులో లేనిది ఏమిటి?"

అప్పుడు పద్నాలుగు మంది గురించి చెప్పాను. గైర్హాజరు గడికి అసలు కారణం చెప్పాను. ఆయన నా మీద అరవలేదు. అరిస్తే బాగుండేది. "నా క్లాసులో ఒక పిల్ల వాళ్లను బద్ధకస్తులంది. నేను దాన్ని బోర్డు మీద రాశాను" అన్నారంతే. నా చెయ్యి సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు. తప్పంతా ఆయనదీ, క్లాసుదీ అయితే నాకు ఊపిరి ఆడేలా ఉంది, అందుకని.

ఆదివారం ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం యూనిట్ వాకిట్లో అందరూ చేరారు. పిక్కలు ఆరబోసే సిమెంటు కళ్లం అది. ఆడవాళ్లు చాకులు గుడ్డల్లో చుట్టి తెచ్చుకున్నారు. వాళ్ల చాకులు వాళ్లవి కావు, సంఘానివి. ఒక్కొక్కరే వచ్చి పిన్ని ముందు పెడుతున్నారు. ఎవరూ ఏడవడం లేదు. ఏడ్చినా నేను తట్టుకునేదాన్ని.

నేను ప్రొఫెసరుగారితో లోపలికి వెళ్లాను. ఆయన నేరుగా ముందుకు నడవబోయారు. పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది. "ఆయన్ని ఎనక కూకోమను. ఈయన సబ్యుడు కాడు. మా మాటలైనాక పిలుత్తాను."

ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను. ఆయన వెనక్కి పోయి పిక్కల బస్తా మీద కూర్చున్నారు. తెల్ల చొక్కా, మడిచిన చేతులు, భాష తెలియని మొహం. రెండు రోజుల కిందట టెక్కలిలో పిన్ని ఎలా కూర్చుందో నాకు కళ్ల ముందు కనబడింది.

కాసేపటికి పిన్ని పిలిచింది. ఆయన లేచి నిలబడి, నెమ్మదిగా, నేను తెలుగు చేయడానికి వీలుగా ఒక్కో వాక్యం చెప్పారు. "ఆ రోజు క్లాసులో ఎత్తిన చేతులకు ఏ విలువా లేదు. మా పిల్లలకు మీ సంగతి సగమే తెలుసు. నాకూ సగమే తెలుసు. తెలియకుండా మాట్లాడినందుకు నన్ను క్షమించండి. షెడ్డు ఉంచాలా మూయాలా నాకు తెలియదు. ఇది తప్పించుకోవడానికి అనడం లేదు, నిజంగానే తెలియదు. ఆ అరవై మూడు చేతుల్ని మాత్రం లెక్కలోంచి తీసేయండి." నాకు ఆయన మీద మొదటిసారి గౌరవం కలిగింది.

ఆడవాళ్లు పిన్ని వైపు చూశారు. అత్త అయితే గుడ్డలో చుట్టిన చాకును ఇంకా ఒళ్లోనే పెట్టుకుంది.

"బాబు సక్కగా సెప్పినారు" అంది పిన్ని. "అయితే ఆళ్ల సేతులు నాను ఆ హాల్లోనే లెక్కలోంచి ఒగ్గేసినాను. ఆళ్లకి తెల్దని నాకు తెలవదేటి? నేనే రాయొద్దన్నాను గదా." ఇప్పుడు నా వైపు తిరిగింది. "అరవై మూడూ ఒగ్గేసినాను. అరవై నాలుగోది ఒగ్గలేకపోయినాను. ఆ సెయ్యి నీది."

వాకిట్లో అందరి కళ్లూ నా మీద పడ్డాయి.

"నీకు అన్నీ తెల్సు. ఈ అత్త ఏ రోజు ఎక్కడికి ఎల్తాదో తెల్సు. తెల్సీ నువ్వు సెయ్యెత్తినావంటే, మరి మూసీడమే నాయం గావాల అనుకున్నాను. మన పిల్ల, సదువుకున్నాది, పెద్దోళ్ల మజ్జిన తిరిగినాది. రాత్రంతా అదే అనుకున్నాను. ఇప్పుడు సెప్పు. ఎందుకెత్తినావు?"

అబద్ధం చెప్పడానికి వీలు లేదు. ఎదురుగా అత్త కూర్చుని ఉంది. చేతి మీద డయాలసిస్ సూదులు గుచ్చిన చోట ఉబ్బిన నరాన్ని పైటకొంగుతో కప్పుకుని, నా జవాబు కోసం చూస్తోంది.

"మా పెద్దమేడం నా వైపు చూసింది" అన్నాను. "అందుకెత్తాను. షెడ్డు గురించి కాదు పిన్నీ. ఆ క్షణంలో షెడ్డు గుర్తే లేదు. నా ఉద్యోగం ఆమె చేతిలో ఉంది. తెలివైనదాన్ననిపించుకోవాలని ఎత్తాను."

సిగ్గుతో చచ్చిపోయాను అని ఊరికే అంటుంటాం. ఆ రోజు నిజంగా అక్కడి నుంచి మాయమైపోతే చాలనుకున్నాను. వెనక నుంచి ప్రొఫెసరుగారు, "ఏమంటున్నారు? ఆవిడేమన్నారు?" అని మెల్లగా అడిగారు. తిరిగి ఆయనకు ఇంగ్లీషులో చెప్పాను. పిన్ని అన్నదీ, నేనన్నదీ. ఈసారి ఒక్క ముక్క కూడా వదల్లేదు, మెత్తన చేయలేదు.

పిన్ని ముందున్న చాకుల కుప్పను కాలితో కాదు, చేత్తో మెల్లగా పక్కకు జరిపి, "అలగైతే ఆ సెయ్యీ లెక్కలో నేదు" అంది. "ఏడుపైనా సరే, కూటం మనవే ఎట్టుకోవాల. మొన్ననే ఎట్టాల్సింది, అది నా తప్పు. షెడ్డు మూయొద్దనేవోళ్లు సేతులెత్తండి." నాతో, "నువ్వు లెక్కెట్టు. నీ సెయ్యి కాదు, ఆళ్ల సేతులు" అంది.

నల్లబడిన వేళ్లు, వంకరపోయిన గోళ్లు, చేతులు లేచాయి. అత్త చాకుతో సహా ఎత్తింది. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. ముప్పై ఐదు. అప్పుడు చూశాను, పిన్ని చెయ్యి లేవలేదు. ఆమె నిజంగానే మూయడమే మంచిదనుకుంటోంది. ఆ ఆర్డరు పోతే సంఘం మొత్తానికే ముప్పని ఆమె భయం. మూయాలన్న ఆలోచన ముందునుంచీ ఆమెదే, నా చెయ్యి ఆమెకు ఇచ్చింది దొంగ ధైర్యం. తాను మాత్రమే అనుకుంటున్న మాటను నేను కూడా న్యాయంగానే అనుకున్నానని నమ్మింది.

"ముప్పై ఐదు" అన్నాను.

"నాకూ అంతే వచ్చినాది" అంది పిన్ని. "మీ సాకులు మీరు తీసీసుకోండి."

ఆ సాయంత్రం పలాస స్టేషన్లో విద్యార్థులు జీడిపప్పు పొట్లాలు కొనుక్కుంటుంటే ప్రొఫెసరుగారు నా పక్కకు వచ్చి నిలబడ్డారు. "నేను చేతులు లెక్కపెట్టేటప్పుడు మిమ్మల్ని లెక్కపెట్టలేదు" అన్నారు. "గోడ వారన ఎవరున్నారో చూడనే లేదు." అది క్షమాపణో, నిందో నాకు తెలియలేదు. బహుశా ఆయనకూ తెలియదు. డైరెక్టరుగారు కాస్త దూరంలో నిలబడి మా ఇద్దరి వైపూ చూస్తున్నారు. నేను వీపు నిటారుగా పెట్టలేదు.

సోమవారం పొద్దున షెడ్డు తలుపు తీసింది పిన్నేనట. అందరికంటే ముందు వచ్చి, పీటలు వేసి కూర్చుందని అత్త ఫోన్లో చెప్పింది. ఆ ఆర్డరు ఇంకో యూనిట్‌కి పోయింది. పిన్ని సంఘం కుంటుకుంటూ నడుస్తోంది. ఒక్కో సీజను గండంగానే గడుస్తోంది. ఏది సరైనదో ఈ రోజుకీ నాకు తెలియదు. ఆ వర్షాకాలంలో ఆడవాళ్లు మళ్లీ చేతులెత్తి, రోగం మాట రాసుకోవచ్చని ఒప్పుకున్నారు, ఊరి పేరు లేకుండా. హాజరు పట్టికలో ఇప్పుడు కారణం గడి ఉంది. ప్రొఫెసరుగారు ఆ కేసు చెప్పేటప్పుడు ఇక చేతులెత్తించరు. నా ఉద్యోగం పర్మనెంటయింది. ఆ ఉత్తరం అందిన రోజు ఎవరికీ మిఠాయి పంచలేదు.

పిన్ని నాతో మామూలుగానే ఉంటుంది. ఊరెళితే పీతల పులుసు వండుతుంది, తలకు నూనె రాస్తుంది. షెడ్డులో ఏదైనా చిక్కొస్తే ఇప్పటికీ నాకే ఫోను చేసి, సంగతంతా చెప్పి, నువ్వేటంటావని అడుగుతుంది. నేను నోరు తెరవబోతుంటే మాత్రం ఒక్క క్షణం ఆపుతుంది.

"ఆగు. నీ పక్కన ఎవులైనా ఉన్నారేటి?" అంటుంది.

గది తలుపు వేసి వచ్చి, ఎవరూ లేరు పిన్నీ అని చెబుతాను. అప్పుడు వింటుంది.